సలాహ్‌ని పేరు చూసి తీసుకోకండి

గురువారం ఇషా నమాజ్ అయ్యాక మా ఖాందాన్‌లో ఎనిమిది మందిమి ఫోన్లు పట్టుకుని కూర్చోబోతున్నాం. ఇద్దరు రియాద్‌లో, ఒకడు చికాగోలో, మిగతావాళ్లం హైదరాబాద్, కర్నూలులో. ఫాంటసీ ప్రీమియర్ లీగ్ డ్రాఫ్ట్. శుక్రవారం ఆగస్టు 15. పొద్దున జెండా, మధ్యాహ్నం జుమా, అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకి లివర్‌పూల్, బోర్న్‌మత్ మ్యాచ్. మా ఇంట్లో ఆ రాత్రి ఎవరూ పడుకోరని బేగం సాహెబాకి ముందే తెలుసు.

ఈ ఆట తెలియని అమ్మీలకి, ఫుప్పూలకి రెండు ముక్కల్లో చెప్తాను. ఒక్కొక్కరు పదిహేను మంది ఆటగాళ్లని ఎంచుకోవాలి. ఒకరు తీసుకున్న ఆటగాడు ఆ లీగులో ఇంకెవరికీ దక్కడు. వంతు ఒకటి నుంచి ఎనిమిది దాకా వెళ్లి, మళ్లీ ఎనిమిది నుంచి ఒకటికి వెనక్కి వస్తుంది. చిట్టీల్లో నాకు నాలుగో వంతు వచ్చింది, అంటే నాలుగో ఆటగాడు నాది, తర్వాత పదమూడోవాడు. ఆ మధ్యలో ఎనిమిది పేర్లు కళ్ల ముందే ఎగిరిపోతాయి. సబర్ నేర్పే ఆట.

మొదటి వంతు మా అబ్బాయిది. వాడు లివర్‌పూల్ దీవానా. "అబ్బా, నేను సలాహ్‌నే తీసుకుంటా" అన్నాడు. ఎందుకురా అంటే, "మనోడు కదా! గోల్ కొట్టాక సజ్దా చేస్తాడు" అన్నాడు. రియాద్ నుంచి మా భతీజా ఫోన్లోనే నవ్వాడు: "చచ్చా, వాడికి చెప్పండి, సలాహ్‌కి ముప్పై మూడేళ్లు. బుడ్ఢా హో గయా."

ఇద్దరూ తప్పే అన్నాను. అప్పటినుంచి ఇద్దరూ నామీద అలిగారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు హిసాబ్ చూద్దాం. పోయిన సీజన్లో సలాహ్ లీగులో 29 గోల్స్ కొట్టాడు, 18 కొట్టించాడు. ఫాంటసీలో 344 పాయింట్లు. ఇంతవరకు ఏ ఆటగాడూ ఒక సీజన్లో అన్ని తేలేదు. పైగా ఈ ఆట లెక్కలో అతను మిడ్‌ఫీల్డర్. ఫార్వర్డ్ గోల్ కొడితే నాలుగు పాయింట్లు, మిడ్‌ఫీల్డర్ కొడితే ఐదు. పెనాల్టీలు కూడా అతనివే. ఇంత ఉన్నాక మొదటి వంతువాడు ఇంకెవర్నో తీసుకుంటే అది తెలివి కాదు, జిద్దు.

అయినా ఇంకో వైపు కూడా చెప్పాలి కదా. ఆ 29లో 27 మార్చి 8కే అయిపోయాయి. మిగిలిన తొమ్మిది మ్యాచుల్లో రెండే. కుడివైపు వెనకనుంచి బంతి అందించే ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ రియల్ మాడ్రిడ్‌కి వెళ్లిపోయాడు. డిసెంబర్ 21 నుంచి జనవరి 18 దాకా మొరాకోలో ఆఫ్రికా కప్ ఉంది. సలాహ్ రెండుసార్లు ఫైనల్ దాకా వెళ్లి గెలవని కప్ అది. ఈజిప్ట్ పిలిస్తే వెళ్లకుండా ఉంటాడా? క్రిస్మస్, కొత్త సంవత్సరం మ్యాచులు వరసగా ఉండే రోజుల్లో మా అబ్బాయి టీములో అతని చోటు ఖాళీ. మొన్న ఆదివారం వెంబ్లీలో క్రిస్టల్ ప్యాలెస్ మీద అతను కొట్టిన పెనాల్టీ గోల్‌పోస్ట్ మీదనుంచి పోయింది కూడా. ఒక్క పెనాల్టీతో తీర్పు ఇవ్వను గానీ, చూశాను కాబట్టి చెప్తున్నాను.

ఇవన్నీ కలిపినా నా ఫైసలా: మొదటి వంతు ఉంటే సలాహే. కానీ 344 కోసం, సజ్దా కోసం కాదు.

మా అబ్బాయి అడిగాడు, "ఎలాగూ అతన్నే తీసుకోమంటున్నారు, కారణం ఏదైతే ఏంటి?" అని. ఏంటో చెప్తాను బేటా.

నేను ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకుని, ఇరవై ఏళ్ల కిందట ఒక పత్రిక ఆఫీసుకి నా రాతలు పట్టుకుని వెళ్లాను. అక్కడి పెద్దమనిషి దరఖాస్తులో పేరు చూశాడు. "మా దగ్గర ఉర్దూ పేజీ లేదే" అన్నాడు. కాగితాలు తిప్పి కూడా చూడలేదు. తర్వాత ఇంకోచోట ఇంకొకాయన నా కాపీ పై పేరా కూడా దాటకుండానే, "ముసల్మాను అయ్యుండి ఎంత మంచి తెలుగు!" అని భుజం తట్టాడు. మొదటాయన మీద కోపం వచ్చింది. రెండో ఆయన మాటకి ఆ రోజు మురిసిపోయాను. ఇద్దరూ నా రాత చదవలేదని అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. పేరు చూసి తోసేస్తే తాఅస్సుబ్ అని మనకి తెలుసు. పేరు చూసి ఎత్తుకుంటే దాన్ని మాత్రం ముహబ్బత్ అంటాం. ఆటగాడికి కావలసింది ఇన్సాఫ్.

సలాహ్ మీద నాకు ముహబ్బత్ లేదనుకోకండి. అతను వచ్చాక ఆ ప్రాంతంలో ముసల్మానుల మీద జరిగే దాడులు తగ్గాయని స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు లెక్కగట్టి చెప్పారు. చదివినప్పుడు కళ్లు తడిశాయి. కానీ అతను గోల్స్ కొట్టకుండా ఉంటే ఆ ఊరు అతని సజ్దాని అంత ప్రేమగా చూసేదా? ఆట ముందు, మిగతాది ఆ వెనక.

ఇక మిగతావాళ్లు. లివర్‌పూల్ పోయిన సీజన్లో 86 గోల్స్ కొట్టి ఇరవయ్యోసారి లీగ్ గెలిచింది, కానీ ఈ టీము ఆ టీము కాదు. లూయిస్ డియాజ్ బయర్న్‌కి, నూన్యెజ్ అల్ హిలాల్‌కి వెళ్లిపోయారు. కొత్తగా వచ్చిన వీర్ట్జ్‌కి పది కోట్ల పౌండ్లు పోశారు. ధర చూసి ఎగబడకండి. కొత్త లీగు, కొత్త చోటు, రెండు మూడు నెలలు పట్టొచ్చు. నేనైతే రెండో వరసలో వదిలేసి మూడో వరసకి మిగిలితే చూస్తాను. ఎకిటికె ఫ్రాంక్‌ఫర్ట్‌కి బుండెస్‌లీగాలో 15 గోల్స్ కొట్టి వచ్చాడు, వెంబ్లీలో నాలుగో నిమిషంలోనే ఖాతా తెరిచాడు. డ్రాఫ్టులో మంచి ఫార్వర్డ్‌లు బాసుమతి బియ్యంలా తొందరగా అయిపోతారు. నా పదమూడో వంతుకి అతను ఉంటే వదలను.

డిఫెండర్లలో వాన్ డైక్. ఈ ఏడాది కొత్త నియమం ఒకటి వచ్చింది: డిఫెండర్ ఒక మ్యాచులో క్లియరెన్సులు, బ్లాకులు, ఇంటర్‌సెప్షన్లు, టాకిళ్లు కలిపి పది చేస్తే రెండు పాయింట్లు. ఇన్నాళ్లూ లెక్కకి రాని మేహనత్‌కి మజూరీ దొరికింది. నాకు నచ్చిన నియమం. అదే లెక్కలో కొనాటేని కూడా చూడండి, పాపం, అతన్ని "మనోడు" అని మా పిల్లలు ఎవరూ అనరు, డిఫెండర్ కదా! ఫ్రింపాంగ్ పేరుకి డిఫెండర్, కాళ్లు మాత్రం ఎప్పుడూ ఎదుటివాళ్ల గోల్ వైపే. ఆఖరి వరసల్లో దొరికితే సస్తా సౌదా. గాక్‌పో పది గోల్స్ కొట్టినా ఎవరూ పట్టించుకోరు. మీరు పట్టించుకోండి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. పోయినేడు పిల్లలు తలా ఐదొందలు వేసుకుందామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఓడినవాళ్ల జేబులోంచి గెలిచినవాడి జేబులోకి పోతే అది జువ్వా, దానికి ఫుట్‌బాల్ అని పేరు పెట్టినా అంతే. మా దూరపు చుట్టాల్లో ఒక పిల్లాడు బెట్టింగ్ యాప్‌లో పడి వాళ్లమ్మ గాజుల దాకా తెచ్చాడు. ఆ ఇంట్లో ఆ రోజు నేనున్నాను. మా లీగులో ఈసారి గెలిచినవాళ్లకి అమ్మీ ఖుబానీ కా మీఠా చేసి పెడుతుంది. అమ్మీ ఆడదు, ఎవరి పైసా తీసుకోదు.

నిన్న రాత్రి మా అబ్బాయి పాత టీము చూపించాడు. అందులో డియోగో జోటా ఉన్నాడు. ఏప్రిల్ 2న ఎవర్టన్ మీద ఒకే ఒక గోల్ కొట్టి మ్యాచ్ గెలిపించిన రోజు వీడు ఇల్లంతా గంతులేశాడు. అదే అతని చివరి గోల్. నిఖా అయిన పదకొండు రోజులకి, జూలై 3న, తమ్ముడితో కలిసి కారు ప్రమాదంలో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు. క్లబ్ అతని 20 నంబర్ చొక్కా ఇంకెవరికీ ఇవ్వనంది.

"ఈసారి లీగుకి పేరేం పెడదాం?" అని అడిగితే, ఎనిమిది మందిలో ఏడుగురు ఏవేవో చెప్పారు. వీడు మాత్రం ఫోన్ తీసుకుని "బీస్ నంబర్" అని టైప్ చేశాడు. రియాద్ భతీజా కూడా కాదనలేదు.