వెలిగే చేపల విక్రయంపై నియంత్రణ ఎక్కడ మొదలవ్వాలి?

జన్యుమార్పిడిపై మన చర్చ ప్రత్తితో మొదలై వంకాయ, ఆవాల దగ్గర ఆగిపోతుంది. రంగు చేపల దుకాణంలోని గాజుతొట్టి ఆ చర్చలోకి రాదు. అయితే పెంపుడు జీవులుగా సామాన్య ప్రజలకు విక్రయించిన తొలి జన్యుమార్పిడి జంతువులు చేపలే.

1999లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు జెల్లీ చేప నుండి గ్రహించిన వెలుగు ప్రోటీను జన్యువును జీబ్రా చేపలో ప్రవేశపెట్టారు. నీటి కాలుష్యాన్ని పసిగట్టే చేపను రూపొందించడం వారి ఉద్దేశం. కొన్నేళ్లకే అది 'గ్లోఫిష్' పేరుతో అమెరికాలో అలంకార చేపగా మారింది. ఇవి ఆహారంగా వాడే చేపలు కావనీ, మామూలు జీబ్రా చేపల కంటే పర్యావరణానికి ఎక్కువ ముప్పు కలిగిస్తాయనడానికి ఆధారం లేదనీ చెప్పి, ఆ దేశపు ఆహార, ఔషధ సంస్థ 2003 డిసెంబరులో నియంత్రణ బాధ్యత నుండి తప్పుకున్నది. ఐరోపా సమాఖ్య మాత్రం విక్రయాన్ని అనుమతించలేదు.

అమెరికా తర్కం మనకు వర్తించదు. జీబ్రా చేప స్వస్థలం మన ఉపఖండమే. హామిల్టన్ 1822లో గంగానది చేపల గ్రంథంలో దానిని వర్ణించాడు. ఇక్కడ తొట్టి దాటిన వెలుగు చేపకు సొంతజాతి జత దొరుకుతుంది. స్వజాతి చేపలు లేని బ్రెజిల్‌లోనే, పెంపక కేంద్రాల నుండి తప్పించుకున్న ఎరుపు, ఆకుపచ్చ రకాలు అట్లాంటిక్ అడవి వాగుల్లో సంతానోత్పత్తి చేస్తున్నట్లు 2022లో పరిశోధకులు వెల్లడించారు. అక్కడ వాటి విక్రయం నిషిద్ధం!

దీనికి భిన్నమైన సాక్ష్యమూ ఉన్నది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ ప్రయోగంలో, జతకట్టే పోటీలో సహజ మగచేపలదే పైచేయి కావడంతో, 15 తరాల్లో వెలుగు లక్షణం దాదాపు అన్ని సమూహాల నుండి అదృశ్యమైంది. ఇది ఊరట కలిగించే ఫలితమే. కానీ ఒక్కసారి కలిపి వదిలేసిన తొట్టి వేరు, ప్రతి వర్షాకాలం కొత్త చేపలు వచ్చి చేరే వాగు వేరు.

మనకు చట్టం లేదని కాదు. పర్యావరణ పరిరక్షణ చట్టం క్రింద వచ్చిన 1989 నిబంధనల ప్రకారం అనుమతి లేకుండా ఇటువంటి జీవుల దిగుమతి గానీ విక్రయం గానీ చెల్లదు. అమలు సంగతి వేరు. 2000లో నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం ఆ తరువాతా సాగింది. అక్వేరియంల ద్వారా వచ్చిన సక్కర్ చేప నేడు మన చెరువుల్లో 'దెయ్యపు చేప'గా వలలు చింపుతున్నది.

కనుక నియంత్రణ దుకాణంపై దాడులతో కాక, పిల్లలను ఉత్పత్తి చేసే హేచరీ వద్ద మొదలుకావాలని నా అభిప్రాయం. చిన్న పెంపకందారులలో చాలామందికి తమ వద్దనున్నది జన్యుమార్పిడి చేపో, రంగు ఎక్కించిన చేపో తెలియదు. సూదితో ఎక్కించిన రంగు క్రమంగా వెలిసిపోతుంది, పిల్లలకు సంక్రమించదు. నీలికాంతి దీపంతో ప్రాథమిక పరీక్ష, అనుమానమున్నచోట పీసీఆర్ నిర్ధారణ — ఈ రెండింటినీ మత్స్యశాస్త్ర విద్యార్థుల క్షేత్రశిక్షణలో చేర్చవచ్చు. జరిమానా నోటీసు కంటే ముందు విస్తరణ శాస్త్రవేత్త ఆ హేచరీకి వెళ్లాలి.