పాడి ఇళ్ల జ్వరానికి అడగాల్సిన ప్రశ్న

ఏటా జూలై 6న, ప్రపంచ జూనోసిస్ దినం పేరుతో, పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. 1885లో లూయీ పాశ్చర్ ఒక బాలుడికి తొలి రేబిస్ టీకా వేసిన రోజది. మంచి పనే. కానీ పశువుల నుంచి మనిషికి సోకే జబ్బంటే కుక్కకాటే అన్నట్టుగా మన ప్రచారం అక్కడే ఆగిపోతోంది. నాయుడుపేట చుట్టుపక్కల గొర్రెల మందల్లో, పాడి కొట్టాల్లో పొంచి ఉండే బ్రూసెల్లోసిస్ మాట చెప్పేవారు తక్కువ.

రైతులకు అది ఈసుడు రోగం. చూడి పశువు నెలలు నిండకుండా ఈసుకుపోతుంది, మాయ సరిగా పడదు. అదే సూక్ష్మజీవి మనిషికి సోకితే జ్వరం వచ్చిపోతూ ఉంటుంది. రాత్రిళ్లు చెమటలు పడతాయి, కీళ్లూ నడుమూ పీకుతాయి. చూసినవారు టైఫాయిడో మలేరియానో అనుకోవడం తేలిక. తగిన మందులు కనీసం ఆరు వారాలు వాడాలి. మధ్యలో ఆపితే తిరగబెడుతుంది.

1887లో మాల్టా దీవిలో డేవిడ్ బ్రూస్ ఈ సూక్ష్మజీవిని గుర్తించారు. అది మేకపాల ద్వారా వస్తోందని 1905లో థెమిస్టోక్లీస్ జమ్మిట్ పరిశోధనతో తేలింది. అందుకే పాలు కాచి తాగమంటారు. గుమ్మపాలు బలమని పిల్లలకు పట్టే ఇళ్లకు ఆ మాట ఇంకా చెప్పాల్సిందే. కానీ మన దగ్గర చాలా ఇళ్లలో పాలు కాస్తారు. ప్రమాదం గిన్నెలో కన్నా చేతిలో ఎక్కువ. అర్ధరాత్రి ఈనే పశువుకు సాయం పట్టే ఆడమనిషి, ఈసుకుపోయిన పిల్లను ఎత్తిపోసే కాపరి వట్టి చేతులతో మాయను, ఉమ్మనీటిని తాకుతారు. చేతిమీద చిన్న గీత చాలు, రోగం ఒంట్లోకి దిగడానికి. చేతి తొడుగులు వేసుకోవాలి, మాయను కుక్కలకు పారేయకుండా సున్నం చల్లి లోతుగా పూడ్చాలి. ఈ రెండూ ఊరూరా చేసి చూపించాలి.

2019 సెప్టెంబర్ 11న మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ పథకం కింద నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు, పడ్డదూడలకు జీవితంలో ఒక్కసారి టీకా వేస్తారు. రైతు ఆ నాలుగు నెలల గడువు దాటనివ్వకూడదు. గొర్రెల కాపరికి ఆ రక్షణా లేదు, జాగ్రత్త ఒక్కటే దిక్కు. ఇక ఈసుకుపోయిన పశువును గుట్టుగా సంతకు తోలితే రోగం ఇంకో కొట్టం చేరుతుంది. అలా అమ్మేవాణ్ణి తిట్టి లాభం లేదు. నష్టానికి పరిహారం దక్కుతుందన్న ధైర్యం ఉంటేనే ఏ రైతైనా రోగం బయటపెడతాడు.

పశువైద్యుడికి కొట్టం తెలుసు, మనుషుల డాక్టరుకు జ్వరం తెలుసు. ఈ ఇద్దరినీ కలపడమే అసలైన అవగాహన. ఈసుకుపోయిన పశువు సమాచారం ఆ ఊరి ఆరోగ్య కేంద్రానికీ చేరాలి. తగ్గని జ్వరంతో ఎవరొచ్చినా డాక్టరు మొదట అడగాలి: ‘‘మీ ఇంట్లో పశువులున్నాయా? ఈ మధ్య ఏదైనా ఈసుకుపోయిందా?’’ ఆయన అడగడం మరిచినా ఆ సంగతి తానే చెప్పాలని కాపరికీ, పాలు పితికే అక్కకూ తెలియాలి. వచ్చే జూలై 6న కుక్కల టీకాతోపాటు ఈ మాటా ఊళ్లకు వెళ్లాలి.