గొంతు పోయిన కంప్యూటరు

పాటగాడికి గొంతు కావాలిగాని కంప్యూటరుకి గొంతుతో ఏం పని అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కళ్లున్నవాళ్లకి పని లేకపోవచ్చు. చూపు లేనివారికి మాత్రం ఆ గొంతే ఆధారం. తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే ప్రోగ్రాములున్నాయి. వాటిని స్క్రీన్ రీడర్లంటారు. అందులో ఎన్వీడీఏ అనేదాన్ని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు మొదలుపెట్టాడు. దమ్మిడీ ఖర్చు లేకుండా ఎవరైనా తెచ్చుకోవచ్చు.

మా మేనత్తకి నీటికాసులవల్ల చూపు పోయింది. ముప్ఫైయేళ్లు బళ్లో పాఠాలు చెప్పిన మనిషి, అరవై దాటాక కంప్యూటరు నేర్చుకోవడం మొదలుపెట్టింది. పెన్షను జమ అయిందో లేదో ఇంకొకరి నడక్కుండా తెలుసుకోవాలని ఆవిడ పట్టుదల. అంతా సవ్యంగా సాగుతుండగా ఓ ఉదయం యంత్రం మూగబోయింది.

ఇలాంటప్పుడు మన ఇళ్లలో ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. కొడుకు వస్తాడు. "నువ్వు లేమ్మా, నే చూస్తాను" అంటాడు. నాలుగు నొక్కులు నొక్కి, "అయిపోయింది" అని ఆఫీసుకి పోతాడు. ఏం పాడైందో, ఎలా బాగుపడిందో ఆవిడకు తెలియదు. మళ్లీ మూగబోతే సాయంత్రందాకా చేతులు కట్టుకుని కూచోవలసిందే.

ఆ రోజు నేనక్కడే ఉన్నాను. "నే ముట్టుకోను అత్తయ్యా. చెబుతాను, నువ్వే చెయ్యి" అన్నాను.

"చెప్పరా, మార్కులు నేను వేస్తాను" అంది.

మొదట తేల్చుకోవలసింది గొంతు పోయింది చదివేవాడికా, స్పీకరుకా అన్నది. విండోస్‌లో నెరేటరు అని మరో చదువరి ఉంటాడు. విండోస్ మీట, కంట్రోలు, ఎంటరు మూడూ కలిపి నొక్కితే లేస్తాడు. వాడు మాట్లాడితే స్పీకరు బాగున్నట్టే. అప్పుడు కంట్రోలు, ఆల్ట్, ఎన్ నొక్కి ఎన్వీడీఏని మళ్లీ మొదలుపెట్టాలి. అది పలకగానే నెరేటరుని ఆ మూడు మీటలతోనే పడుకోబెట్టాలి. లేకపోతే ఇద్దరూ ఒక్కసారే మాట్లాడి పెళ్లివారింటి సందడి చేస్తారు.

ఎన్వీడీఏ నడుస్తూ కూడా పలకడం లేదంటే, ఇన్సర్టుతో ఎస్ కలిపి పొరపాటున నొక్కి ఉంటారు. మాట వచ్చేదాకా ఆ రెండూ ఆగి ఆగి మళ్లీ నొక్కాలి. ఇంగ్లీషు చదివి తెలుగు దగ్గర నోరు మూస్తే, ఆ గొంతుకి తెలుగు రాదన్నమాట. ఇన్సర్టు, కంట్రోలు, ఎస్ నొక్కి ఈస్పీక్ ఎన్‌జీని ఎంచుకుంటే దానికి తెలుగు వచ్చు. పలుకు కాస్త మరపలుకే లెండి! తెలుగు గొంతు ఎంచుకోడానికీ, పరుగు తగ్గించడానికీ ఇన్సర్టు, కంట్రోలు, వి నొక్కాలి.

అత్తయ్య నెరేటరుని లేపింది. వాడూ పలకలేదు. "ఇద్దరికీ ఒక్కసారే జలుబు చెయ్యదు. తప్పు స్పీకరుదే" అని తనే తేల్చింది. శబ్దం పెంచే మీట నొక్కింది. లాభం లేదు. వైరులేని హెడ్‌ఫోన్లు ఏవైనా తగిలించారేమో అన్నాను. రాత్రి మనవడు సినిమా చూశాడట. ఆవిడ తడుముకుంటూ వెళ్లి బల్లసొరుగు లాగింది. లోపలినుంచి సన్నగా గొణుగుడు!

"సొరుగుకి పాఠం చెబుతున్నాడురా వెధవ!" అంది. హెడ్‌ఫోన్లు ఆపగానే రెండు గొంతులూ గదిలోకొచ్చి పడ్డాయి. నెరేటరుని పడుకోబెట్టి, బ్యాంకు పేజీ తెరిచి, పెన్షను పడిందని తన చెవులతో తనే విన్నది. నాకు నూటికి అరవై మార్కులే ఇచ్చింది. హెడ్‌ఫోన్ల సంగతి ముందే అడగవలసిందట!

మీ ఇంట్లోనూ ఇలా నేర్చుకుంటున్నవారుంటే, యంత్రం పలుకుతున్నప్పుడే ఈ మీటలన్నీ వారిచేత రెండు మూడుసార్లు నొక్కించండి. హెడ్‌ఫోన్లు వాడుకున్నవారు ఆపి మరీ లేవండి. గొంతు పోయిన రోజున మాత్రం పక్కన కూచుని నోటితో చెప్పండి, మౌసు జోలికి పోకండి. పది నిమిషాలు ఆలస్యమైతే కొంప మునగదు. మర్నాడు మీరు ఊళ్లో లేకపోయినా వారి పని ఆగదు.