గాయం ఒకరిది, గండం ఇద్దరికి
భవన నిర్మాణ కూలీల చేతులను పట్టించుకునేదెవరు?

(గ్రామీణ విలేకరి)

పాలమూరు జిల్లాలోని ఒక పల్లెలో ఇంటికి స్లాబు పోస్తుండగా సెంట్రింగ్ చెక్క జారి ఒక కూలీ అరచెయ్యి రాడ్డు మొనకు తగిలి చీరుకుపోయింది. రక్తం ధార కట్టింది. పక్కనే తట్ట మోస్తున్న మరో కూలీ తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి ఆ గాయాన్ని గట్టిగా అదిమి పట్టుకున్నాడు. మేస్త్రీ గాయపడిన వానిని మోటారు సైకిలు మీద ఊళ్లోని ఆర్ఎంపీ దగ్గరకు తీసుకుపోయాడు. అక్కడ కట్టు కట్టారు, ధనుర్వాతం సూది వేశారు. గాయాన్ని పట్టుకున్న వాని చేతులు మాత్రం ఎవరూ చూడలేదు. మోచేతుల దాకా అంటిన రక్తాన్ని అతడు కాంక్రీటుకు పెట్టిన డ్రమ్ములోని నీళ్లతోనే కడుక్కుని మళ్లీ తట్ట ఎత్తుకున్నాడు.

ఎవరూ చావలేదు గనుక ఇటువంటివి పత్రికకెక్కవు. కాని స్లాబు పోసే ప్రతి ఊళ్లోనూ ఇదే తంతు. గాయపడిన వానికి ఏదో ఒక వైద్యం దొరుకుతోంది. ఆదుకున్న వానికి మాత్రం ఏ రక్షణా లేదు. ఎదుటివాని రక్తంలో జబ్బు ఉంటే అది తనకు అంటుకోవచ్చునన్న సంగతి అతనికి చెప్పిన వారు లేరు. చెప్పవలసిన బాధ్యత ఎవరిదో తేలడం లేదు.

సిమెంటు తిన్న చేతులు

రక్తం ద్వారా సోకే జబ్బులలో ముఖ్యమైనవి మూడు: హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవీ. చర్మం చెక్కుచెదరకుండా ఉంటే దాని మీద రక్తం పడినంత మాత్రాన ఇవి సోకవు. పుండు, పగులు, కోత ఉన్నచోటనే భయం. కంట్లో, నోట్లో రక్తం చిందినా ప్రమాదమే. ఇక్కడే కూలీల పరిస్థితి వేరు. తడి సిమెంటు, సున్నం చర్మాన్ని తినేస్తాయి. నాలుగు రోజులు మాలు కలిపిన వాని వేళ్ల సందులు పొక్కి పగులుతాయి. బైండింగ్ వైరు గీతలు, మేకు గాట్లు సరేసరి. అంటే ఎదుటివాని రక్తం లోపలికి పోవడానికి దారులు ముందే తెరచి ఉన్నాయన్నమాట.

రోగి రక్తం ఉన్న సూది గుచ్చుకున్న ఆసుపత్రి సిబ్బంది విషయంలో నిపుణులు కట్టిన లెక్క ఒకటి ఉంది. టీకా వేసుకోని వారిలో నూటికి 6 నుంచి 30 మందికి హెపటైటిస్ బి సోకవచ్చు. హెపటైటిస్ సి నూటికి ఇద్దరికి మించదు. హెచ్ఐవీ వెయ్యికి ముగ్గురికి. పగిలిన చేతికి రక్తం అంటితే ప్రమాదం ఇంతకన్నా తక్కువే. అయినా ఈ లెక్క ఒక సంగతి చెబుతోంది. జనం భయపడేది ఎయిడ్స్‌కు, ఎక్కువగా అంటుకునేది హెపటైటిస్ బి. ఆ క్రిమి ఎండిపోయిన రక్తంలో కూడా ఏడు రోజుల వరకు బతికి ఉండగలదు. రాడ్డు మొన మీద, ఉలి మీద ఎండిన మరకను తేలికగా తీసుకోరాదు.

పల్లెల్లో పచ్చకామెర్లు అనగానే నీళ్ల దోషమంటారు, పసరు పోయిస్తారు. హెపటైటిస్ ఎ, ఇ రకాలు నీళ్ల వల్ల వచ్చే మాట నిజమే. బి, సి రకాలు రక్తం ద్వారా వస్తాయి. కొందరిలో ఇవి ఏళ్ల తరబడి పైకి తెలియకుండా లోపలే ఉండి కాలేయాన్ని గట్టిపరుస్తాయి, క్యాన్సర్‌కు కూడా దారి తీస్తాయి. అప్పటికి ఆ కూలీ ఏ స్లాబు నాడు ఎవరి గాయం పట్టుకున్నాడో ఎవరికి గుర్తుంటుంది?

చట్టం గీసిన గీత

కూలీలకు చట్టం లేకపోలేదు. 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టం పనిచోట ప్రథమ చికిత్స సదుపాయం ఉండాలన్నది. కట్టడం ఖర్చు మీద సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమ బోర్డుకు ఇవ్వాలని అదే ఏడాది మరో చట్టం చెప్పింది. వీటి స్థానంలో 2020 నాటి లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చాయి.

అయితే నాడూ నేడూ చట్టం ఒక గీత గీసింది. పది మందికి తక్కువ పనిచేసే చోటు దాని కిందికి రాదు. నేటి చట్టంలో సొంతానికి కట్టుకునే ఇల్లు 50 లక్షల రూపాయలకు మించకపోతే అదీ రాదు. ఒక మేస్త్రీ, ఇద్దరు తాపీ పనివారు, నలుగురు కూలీలతో సాగే పల్లె ఇళ్లన్నీ ఈ గీతకు అవతలనే ఉన్నాయి. పట్నంలో పది అంతస్తుల కట్టడం మీద ఒక పెట్టె అయినా వేలాడుతుంది. అడ్డా మీద నిలబడి ఏ రోజుకు ఆ రోజు పని వెతుక్కునే కూలీకి ఆ పెట్టె కూడా లేదు. గాయం మాత్రం రెండు చోట్లా ఒకటే.

మరో దారి కూడా ఉన్నది

రక్తం పని చోటనే అంటుతుందని లేదు. దెబ్బ తగిలిన కూలీ మొదట పోయేది దగ్గరలోని సూది వైద్యుని వద్దకే. ఆ సూది కొత్తదేనా అని అడిగేవారు అరుదు. 2009లో గుజరాత్‌లోని మోడాసా ప్రాంతంలో వాడిన సిరంజిలనే మళ్లీ వాడినందున హెపటైటిస్ బి చెలరేగి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో ఒకే సూదితో అందరికీ వైద్యం చేయడం వల్ల అనేకమందికి హెచ్ఐవీ సోకినట్లు బయటపడింది. కూలీల డేరాలలో ఒకే బ్లేడుతో నలుగురు గడ్డం గీసుకోవడం కూడా ఇటువంటిదే.

భయం వల్ల మరో నష్టం

ఇదంతా చదివి ఎవరూ గాయపడిన వానిని వదిలి పారిపోరాదు. రక్తం ధార కట్టినప్పుడు అదిమి పట్టేవాడే ప్రాణం నిలిపేవాడు. చేతులకు రబ్బరు గ్లౌజులు తొడుక్కుని పట్టుకోవాలి. అవి లేనప్పుడు శుభ్రమైన పాలిథిన్ సంచి చేతికి చుట్టుకున్నా మేలే. కలిసి తిన్నందువల్ల, పక్కన పడుకున్నందువల్ల, పనిముట్టు అందుకున్నందువల్ల ఈ జబ్బులు రావు. అందుచేత ఫలానా వానికి జబ్బు ఉందట అని వెలివేయడం తప్పు. ఎవరి రక్తమైనా ఒకే జాగ్రత్తతో ముట్టుకోవాలి.

పరీక్షకు పోతే పని పోతుందని కూలీలు జంకుతున్నారు. హెచ్ఐవీ ఉన్నదన్న వంకతో పనిలోనుంచి తీసివేయరాదని, మనిషి ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయరాదని 2017లో చేసిన చట్టం చెబుతోంది. అది 2018 సెప్టెంబర్ నుంచి అమలులో ఉన్నది. ఈ సంగతి మేస్త్రీలకు, కాంట్రాక్టర్లకు తెలియవలసి ఉంది.

గంటలు లెక్కపెట్టుకోవాలి

రక్తం అంటిన వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో కడగాలి. వేలు నోట్లో పెట్టుకోరాదు, గాయాన్ని పిండరాదు, దాని మీద బ్లీచింగ్ పోయరాదు. కంట్లో చిందితే మంచినీళ్లతో బాగా కడగాలి. ఆ తర్వాత ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు వీలైనంత త్వరగా, 72 గంటల లోపలే మొదలుపెట్టాలి. 28 రోజులు మానకుండా మింగాలి. హెపటైటిస్ బి టీకా 24 గంటలలో పడితే మేలు. ధనుర్వాతం సూది వేయించుకున్నాం గదా అని ఊరుకోరాదు. దానికి ఈ జబ్బులకు సంబంధం లేదు. హెచ్ఐవీ గురించి సందేహాలుంటే 1097 నంబరుకు ఫోన్ చేయవచ్చు. హెపటైటిస్ బి, సి రెండింటికీ 2018 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచిత పరీక్ష, చికిత్స ఉన్నాయి. సి రకానికి టీకా లేకపోయినా మూడు నెలల మందుతో చాలామందికి నయమవుతున్నది.

నేల మీద పడిన రక్తం మీద పాత గుడ్డ కప్పి, బ్లీచింగ్ నీళ్లు పోసి అరగంట నాననిచ్చి, గ్లౌజులతోనే తీసివేయాలి.

టీకా మన ఊళ్లోనే తయారైంది

హెపటైటిస్ బి రాకుండా మూడు టీకాలు చాలు. మొదటిది, నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది. ఒకప్పుడు విదేశాల నుంచి వచ్చి ధనికులకే అందిన ఈ టీకాను 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ దేశంలోనే తయారుచేసి ధర దించింది. నేడు పుట్టిన బిడ్డకు ప్రభుత్వమే వేస్తున్నది. కాని ఇప్పుడు తట్ట మోస్తున్న వారిలో ఎక్కువమంది ఆ ఏర్పాటు రాకముందు పుట్టినవారు. బిడ్డకు టీకా పడింది, తండ్రికి పడలేదు.

కార్మికుల పేరు మీదనే సెస్సు వసూలవుతున్నప్పుడు, ఆ సొమ్ములో కొంత ఈ మూడు టీకాలకు వెచ్చించడం న్యాయం. అడ్డాల వద్దనే ఆరోగ్య సిబ్బంది శిబిరాలు పెట్టవచ్చు. చట్టం గీతకు అవతల ఉన్న పల్లె ఇళ్లకు పంచాయతీ ఒక పని చేయగలదు. ఇంటి అనుమతి ఇచ్చేటప్పుడే గ్లౌజులు, సబ్బు, కట్టు గుడ్డ, చేతులు కడిగేందుకు వేరే నీళ్లు ఉంచాలని యజమానికి చెప్పవచ్చు. నాలుగు జతల గ్లౌజులకయ్యే ఖర్చు స్లాబు నాటి టీల ఖర్చుకన్నా తక్కువ.

ఆ రోజు గాయం పట్టుకున్న కూలీని తర్వాత ఈ విలేకరి కలిసి పరీక్ష చేయించుకున్నావా అని అడిగితే, "దెబ్బ నాకు తగల్లేదు గదన్నా" అన్నాడు. మేస్త్రీలు, ఇంటి యజమానులు కూడా ఇలాగే అనుకుంటున్నారు. కార్మిక, ఆరోగ్య శాఖల అధికారులు ఇకనైనా కలిసి కూర్చుని దీని మీద తగు చర్యలు తీసుకోవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.