ఫజర్ అజాన్, బయటి మైకు: రూల్స్ ఏమంటున్నాయి?

చల్లపల్లిలో పెళ్లి డీజే అయినా, ధనుర్మాసంలో గుడి మైకు అయినా, మసీదు మైకు అయినా రూలు ఒక్కటే. కేంద్రం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు పెట్టకూడదు. పగలు పెట్టాలన్నా రాతపూర్వక అనుమతి ఉండాలి. ఇళ్ల మధ్య శబ్దం పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు.

మనవాళ్లకు అసలు చిక్కు ఫజర్ దగ్గరే. ఇషాకు ఇబ్బంది లేదు, తరావీహ్ కూడా మామూలుగా 10 లోపే అయిపోతుంది. ఫజర్ వేళ మాత్రం ఇక్కడ ఏడాది పొడవునా 6 కంటే ముందే మొదలవుతుంది. ఎండాకాలంలో అయితే నాలుగున్నర కూడా కాదు. పండగలకు ఏడాదికి 15 రోజుల సడలింపు ఉంది కదా, సహరీకి పిలవడానికి అది చాలదా అనిపించొచ్చు. చాలదు. ఆ సడలింపు రాత్రి 12 వరకే, అదీ రాష్ట్ర ప్రభుత్వం ఇస్తేనే. పైగా రాత్రి వేళ ఆంక్షను దాటితే ఫిర్యాదుకు డెసిబెల్స్ కొలవనక్కర్లేదు.

2020 మేలో అలహాబాద్ హైకోర్టు అజాన్ ఇస్లాంలో భాగమే, మైకు కాదు అంది. మైకు లేకుండా గొంతుతో ఇచ్చే అజాన్‌ను అడ్డుకోవద్దని కూడా చెప్పింది. మూసిన హాల్లో, లోపలివారికే వినపడే స్పీకర్లకు రాత్రి నిషేధం వర్తించదు. కాబట్టి ఫజర్‌కు బయటి హారన్ ఆపి, లోపలి బాక్సులు ఉంచుకునే దారి కమిటీలకు ఉంది.

డీజేను వదిలేసి మసీదుకే నోటీసు వస్తే? నిలదీయొచ్చు, తప్పకుండా. అప్పుడు అధికారి మొదట అడిగేది పగటి మైకుకు తీసుకున్న పర్మిషన్ కాగితం. కమిటీ ఫైల్లో అది ఉందో లేదో ఈ జుమా తర్వాతే చూసుకోవడం మంచిది.