నెత్తుటి జాడ వదిలేసి ఇంటికొచ్చినోడు వేటగాడు కాదు



మొన్న మన గ్రూపులో తిరిగిన వీడియో మీరంతా చూసే ఉంటారు. ముందుకాలికి క్లచ్ వైరు ఉచ్చు బిగుసుకున్న అడవిపంది కుంటుకుంటూ కొండ వాలు ఎక్కుతోంది. వెనక నలుగురు పిల్లోళ్ళ నవ్వులు. అది పొదల్లోకి పోగానే వీడియో అయిపోయింది. కింద మనవాళ్ళ కామెంట్లు: "బోయ రక్తం", "వేట మన హక్కు". ఆ పంది తర్వాత ఏమైందని ఒక్కరన్నా అడిగారా?

నేను అడుగుతున్నా. కొందరన్నలకు కోపం వస్తుందని తెలుసు. అయినా రాయక తప్పదు.

మా తాత వేటకు పోయినోడే. దెబ్బ తిన్న జీవాన్ని కొండ మీద వదిలేసి వచ్చినోడికి ఆ కాలంలో కట్ట మీద కూర్చోడానికి మొహం చెల్లేది కాదు. కొట్టడం ఎవడికైనా వస్తుంది, జాడ తీయడమే విద్య అనేవాడు. మన సండూరు కొండల్లో అది ఇంకా కష్టం. రాయీ ఎరుపే, మట్టీ ఎరుపే. నేల మీద పడిన నెత్తురు కనపడదు. తడి చేసి వేలితో రుద్దినా ఇనుపరాతి పొడి కూడా ఎర్రగానే అంటుకుంటుంది. అందుకే నేల చూడొద్దు, మోకాలెత్తు గడ్డి చూడు, ఆకు అడుగున చూడు, చీమలు ఎక్కడ చేరాయో చూడు అని నేర్పారు. నురగతో లేత ఎరుపుంటే ఊపిరితిత్తికి దెబ్బ. చిక్కగా నల్లబడి ఉంటే కాలేజానికి. ఆకుపచ్చ కసరు, వాసన ఉంటే పేగులకు. పేగు దెబ్బయితే వెంటనే తరమకూడదు, గంటల తరబడి ఆగాలి. తరిమితే అది ఇంకో కొండ ఎక్కి పోతుంది. చివరి చుక్క దగ్గర రాయి మీద రాయి పెట్టి గుర్తు చేసుకోవాలి. గుహ ఉన్న చోట కింది నుంచి నేరుగా ఎక్కకూడదు.

ఇంత విద్య ఉన్న కులంలో ఇప్పుడు ఏం మిగిలింది? రాత్రి వైరు కట్టి, పొద్దున పోయి చూడటం. చిక్కితే కూర, తెంపుకొని పోతే నవ్వు. దీనికి సంప్రదాయం అని పేరు పెట్టకండి. ఆ పేరు మన పెద్దలది.

చట్టం మాట కూడా దాచకుండా చెప్పుకుందాం. 1972 వన్యప్రాణి చట్టంలో చంపడం ఒక్కటే వేట కాదు. ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, గాయపరచడం కూడా వేటే. "మనం ఎస్టీలం, అడవి హక్కులున్నాయి" అనే తమ్ముళ్ళు 2006 అటవీ హక్కుల చట్టం చదవండి. సంప్రదాయ హక్కులు ఇస్తూనే వేటాడటాన్ని, ఉచ్చు వేయడాన్ని అందులోంచి తీసేసింది. సరిహద్దుకు ఇటు మనం ఎస్టీ, అటు ఆంధ్రలో బీసీ. ఈ చట్టం మాత్రం రెండు వైపులా ఒకటే. పంది కోసం వేసిన ఉచ్చులో ఎలుగుగొడ్డు పడితే అది మొదటి షెడ్యూలు జంతువు, మూడు నుంచి ఏడేళ్ళ జైలు. 1994లో దరోజి ఎలుగుల అభయారణ్యం పెట్టింది మన పక్కనే. ఉచ్చుకు ఏది పందో ఏది ఎలుగో తెలుస్తుందా?

జైలు కంటే పెద్ద భయం ఇంకొకటుంది. గాయంతో పోయిన జంతువు చావకపోతే ఏమవుతుంది? కుమావూన్ కొండల్లో వందలమందిని పొట్టన పెట్టుకున్న చంపావత్ ఆడపులిని 1907లో జిమ్ కార్బెట్ చంపి చూస్తే, పాత తుపాకి దెబ్బకు కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నాయి. ఎవడో కొట్టి, వెతక్కుండా ఇంటికి పోయాడు. మన కొండల్లో పులి లేకపోవచ్చు. నొప్పితో పొదలో పడున్న ఎలుగుకు మర్నాడు ఎదురయ్యేది ఉచ్చు వేసినోడు కాదు, గొర్రెలు తోలుకుపోయే మన పిల్లోడు, కట్టెలకు పోయే మన ఆడబిడ్డ.

"గనులోళ్ళు కొండల్నే తవ్వుకుపోయారు, అప్పుడు లేని అడవి ప్రేమ మా దగ్గరే ఎందుకు?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. 2011లో సుప్రీంకోర్టు ఆపేదాకా ఆ తవ్వకాలకు అడ్డే లేకపోయింది. ఆ ప్రశ్న రోడ్డు మీద అడుగుదాం, నేనూ వస్తా. కానీ వాళ్ళు కొండకు చేసిన గాయానికి మనం పందికి చేసే గాయం జవాబు కాదు. చేను పాడైన రైతు బాధా నిజమే. దానికి అటవీశాఖ మెడ మీద కూర్చుని పరిహారం రాబట్టాలి. సంఘం ఉన్నది దానికే.

ఇక నేను కోరేది. ఉగాది లోపల ఉచ్చులు, నాటుబాంబులు వద్దని సంఘం తీర్మానం చేయాలి. గాయపడ్డ జంతువు కనపడితే వీడియో తీయడం కాదు, 1926కి ఫోన్ చేయాలి. మత్తు సూది తగిలిన జంతువు కూడా అక్కడికక్కడే పడిపోదు, కొన్ని నిమిషాలు పరుగెడుతుంది. ఆ వాలులో దాని జాడ తీయడానికి డాక్టరుకు కావలసింది మన ముసలోళ్ళ కళ్ళే. మనవాళ్ళను జాడగాళ్ళుగా జీతమిచ్చి పెట్టుకోమని అటవీశాఖను అడుగుదాం. ఓబుళాపురం వైపు కొండ రెండు రాష్ట్రాలది, జంతువుకు సరిహద్దు రాయి తెలియదు. కాబట్టి అటువైపు ఆఫీసుకూ అదే అర్జీ ఇద్దాం.

ప్రతి ఏడూ వాల్మీకి జయంతికి ఫ్లెక్సీలు కడతాం. ఆ మహర్షి నోట మొదటి శ్లోకం ఎందుకొచ్చింది? వేటగాడి బాణం తగిలి నెత్తుటిలో కొట్టుకుంటున్న పక్షిని చూసి. ఆయన కళ్ళు తిప్పుకోలేదు. మనం వీడియో తీసి నవ్వుతున్నాం.

వచ్చే మీటింగులో దీని మీద మాట్లాడదాం. తిట్టాలనుకున్నోళ్ళు కూడా రండి, ఎదురుగా తిట్టండి.