ఫెలోషిప్ నుంచి గైడ్ సంతకం దాకా: పరిశోధన హక్కా, దయా?

రోహిత్ వేముల చివరి ఉత్తరం అనగానే అందరికీ నక్షత్రాలు గుర్తొస్తాయి. అదే ఉత్తరంలో ఒక లెక్క కూడా ఉంది. ఏడు నెలల ఫెలోషిప్, 1 లక్షా 75 వేల రూపాయలు తనకు రావాల్సి ఉందని, అది తన కుటుంబానికి అందేలా చూడమని, అందులోంచి ఒక స్నేహితుడి బాకీ తీర్చమని రాశాడు. 2016 జనవరి 17 తర్వాత ఆ ఉత్తరాన్ని సభల్లో చదివాం, గోడల మీద రాశాం. లెక్క దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగలేదు. పీహెచ్‌డీ చేస్తున్న మాకు ఇప్పుడు అక్కడే ఆగాలనిపిస్తోంది. ఆ లెక్క ఇంకా మా హాస్టల్ గదుల్లో నడుస్తూనే ఉంది.

నెలాఖరు వస్తే మా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "పడ్డాయా?" పడలేదంటే మెస్ బిల్లు వాయిదా, ఇంటికి పంపాల్సిన డబ్బు వాయిదా, ఫీల్డ్‌వర్క్ వాయిదా. విశ్వవిద్యాలయాలు పరిశోధకులకు ఎలాంటి అండ, ఎలాంటి శిక్షణ ఇస్తున్నాయన్న చర్చ ఎప్పుడూ ర్యాంకులు, పేటెంట్లు, ప్రచురణల చుట్టూ తిరుగుతుంది. మేం అడిగేది అంతకన్నా చిన్న ప్రశ్న. ఒక దళిత విద్యార్థి పీహెచ్‌డీలో చేరిన రోజు నుంచి థీసిస్ ఇచ్చే రోజు దాకా, అతనికి అందేదాంట్లో హక్కుగా అందేది ఎంత, ఎవరి దయ మీదో అందేది ఎంత?

డబ్బు: కాగితం మీద ఒకటి, ఖాతాలో ఒకటి

2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37 వేలు, ఎస్ఆర్ఎఫ్ 42 వేలు. వినడానికి బాగానే ఉంది. కానీ నెట్‌లో జేఆర్ఎఫ్ రానివాళ్లకు కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో దక్కేది 8 వేలే. 2015 అక్టోబర్‌లో దాన్ని కూడా ఎత్తేస్తామని యూజీసీ అంటే, ఢిల్లీలో విద్యార్థులు యూజీసీ ఆఫీసు ముందు బైఠాయించి కాపాడుకున్నారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆ 8 వేలూ లేవు. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్రా, నాగార్జున లాంటి చోట్ల ఫెలోషిప్ లేని పరిశోధకుడు పగలు జూనియర్ కాలేజీలో పాఠం చెప్పి, సాయంత్రం లైబ్రరీకి వస్తాడు. కొందరు రాత్రిళ్లు డెలివరీ బండి తోలుతున్నారు.

ఎస్సీ పరిశోధకుల కోసం 2005-06లో రాజీవ్ గాంధీ పేరుతో మొదలైన జాతీయ ఫెలోషిప్ మా తరానికి పెద్ద ఆసరా. ఇప్పుడు ఏటా 2,000 మందికి అవకాశం ఉంది. మొదట్లో నెట్ లేకపోయినా ఇచ్చేవారు, తర్వాత నెట్ తప్పనిసరి చేశారు. మైనారిటీ విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022 డిసెంబర్‌లో పూర్తిగా ఆపేశారు. అంటే ఉన్న తలుపుల్లో ఒకటి ఇరుకైంది, ఇంకొకటి మూసుకుంది.

ఎంపికైనవాళ్ల కష్టాలు వేరు. ప్రతి నెలా మేం చదువుతున్నామని విశ్వవిద్యాలయం ధ్రువీకరించాలి. గైడ్ సంతకం, హెచ్ఓడీ సంతకం, ఆ తర్వాత ఆఫీసులో పోర్టల్ ఎక్కించే ఉద్యోగి. వీళ్లలో ఒకరు సెలవు పెట్టినా మా నెల ఆగుతుంది. ఇంకో లెక్క చూడండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ గడువు ఆరేళ్లు. ఫెలోషిప్ ఐదేళ్లే. రాసే ఏడాది, అంటే అన్నిటికన్నా తీరిక కావాల్సిన ఏడాది, చేతిలో పైసా లేకుండా గడవాలి. ఇంట్లో పొలమో, జీతమో ఉన్నవాళ్లకు అది ఓపికకు పరీక్ష. మాకు అది చదువు మానేసే ఏడాది.

గైడ్ లేకపోతే సీటే లేదు

పీహెచ్‌డీ సీట్లు గైడ్ల ఖాళీలను బట్టి లెక్క కడతారు. ప్రొఫెసర్ 8 మందిని, అసోసియేట్ 6గురిని, అసిస్టెంట్ 4గురిని తీసుకోవచ్చు. గైడ్ పర్మనెంట్ అధ్యాపకుడై ఉండాలి. రిటైర్మెంట్‌కు మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. నిబంధనలుగా వీటిలో తప్పేమీ లేదు. కానీ తెలంగాణలో రాష్ట్రం వచ్చాక విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ నియామకాలు ఏళ్ల తరబడి నిలిచిపోయాయి. ఉమ్మడి నియామక బోర్డు బిల్లు 2022లో అసెంబ్లీ దాటి రాజ్‌భవన్ దగ్గర ఆగింది. పాఠాలు చెప్పేది కాంట్రాక్టు అధ్యాపకులు, వాళ్లు గైడ్ కాలేరు. పర్మనెంట్ వాళ్లు రిటైర్మెంట్‌కు దగ్గర పడ్డారు. గైడ్ లేడు కాబట్టి సీటు లేదు, సీటు లేదు కాబట్టి రిజర్వేషన్ లేదు. రాజ్యాంగం ఇచ్చిన హక్కును ఎవరూ రద్దు చేయనక్కర్లేదు, ఖాళీలు నింపకపోతే చాలు.

సీటు వచ్చినంత మాత్రాన గైడ్ దొరుకుతాడన్న నమ్మకం కూడా లేదు. 2008లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ పరిశోధకుడు సెంథిల్ కుమార్ మరణించాడు. అతనికి గైడ్‌ను కేటాయించలేదు. తర్వాత విశ్వవిద్యాలయమే వేసిన వినోద్ పావరాల కమిటీ, పీహెచ్‌డీ పద్ధతుల్లో స్పష్టత లేకపోవడాన్ని ఎత్తిచూపింది. 2013లో అదే క్యాంపస్‌లో మాదారి వెంకటేష్ మరణించినప్పుడు మళ్లీ గైడ్ కేటాయింపు మీదే ఆరోపణలు వచ్చాయి. అడ్మిషన్ ఇచ్చి గైడ్‌ను ఇవ్వకపోవడమంటే, ఊళ్లోకి రానిచ్చి బావి దగ్గరికి రానివ్వకపోవడమే.

గైడ్ దొరికాక మొదలయ్యేది ఇంకో కథ. మాలో ఒకరు డప్పు కళాకారుల శ్రమ మీద పనిచేస్తానంటే, "ఇది రీసెర్చ్ కాదమ్మా, మీ ఇంటి సంగతి" అన్నారు. మరొకరి అధ్యాయం ఎనిమిది నెలలు టేబుల్ మీదే ఉంది, ఒక్క గీత పడలేదు. అదే గైడ్ దగ్గర ఇంకొకరి అధ్యాయం వారంలో ఎర్ర సిరాతో నిండి వచ్చింది. తిట్టినా బాధలేదు, చదివి తిడితే అది శిక్షణ. చదవకుండా పక్కన పెట్టడమే మాకు తెలిసిన వివక్ష. దానికి సాక్ష్యం ఉండదు, తిట్టు ఉండదు, కేసు ఉండదు.

మా బతుకుల మీద మేం పరిశోధన చేయడం ప్రభుత్వానికీ రుచించడం లేదు. 2022లో ఎస్సీ విద్యార్థుల విదేశీ స్కాలర్‌షిప్ మార్గదర్శకాలు మార్చి, భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద చేసే పరిశోధనలకు డబ్బు ఇవ్వబోమన్నారు. అంటే విదేశం వెళ్లి కులం మీద పీహెచ్‌డీ చేస్తానంటే సహాయం లేదు.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి? ప్రతి సెమిస్టర్ మా ప్రగతిని పరిశోధన సలహా కమిటీ చూడాలని 2022 నిబంధనలు చెప్తాయి. బాగుంది. ఆ కమిటీ కన్వీనర్ మాత్రం గైడే. గైడ్ మీద చెప్పుకోవాల్సింది గైడ్ పిలిచిన సమావేశంలో చెప్పుకోవాలి. వివక్ష నివారణకు యూజీసీ 2012లోనే నిబంధనలు తెచ్చింది. అవి అమలు కావడం లేదని రోహిత్ తల్లి రాధిక వేముల, డాక్టర్ పాయల్ తడ్వీ తల్లి ఆబెదా తడ్వీ 2019లో సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు అడిగితే తప్ప కదలని వ్యవస్థ ఇది.

శిక్షణ పేరుతో జరిగేది

కోర్స్‌వర్క్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. అందులో పరిశోధనా నైతికత పాఠం తప్పనిసరి. 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో 10 శాతం దాకా పోలిక ఉంటే పర్వాలేదు, దాటితే చర్యలు. కాపీ కొడితే ఏ శిక్షో మాకు మొదటి సెమిస్టర్‌లోనే చెప్పారు. సొంతంగా ఒక వాదన ఎలా కట్టాలో, ఒక పుస్తకాన్ని ఎదిరించి ఎలా చదవాలో చెప్పిన తరగతులు చాలా తక్కువ.

సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో తెలుగు మీడియం చదివి వచ్చిన మాకు మొదటి అడ్డం ఇంగ్లిష్. సెమినార్‌లో నోరు విప్పాలంటే తలలో ముందు అనువాదం జరగాలి. అప్పటికి చర్చ దాటిపోతుంది. "సబ్జెక్ట్ లేదు" అని రాసేస్తారు. లేనిది సబ్జెక్ట్ కాదు, భాషలో దన్ను. ఇంతకుముందు ఎంఫిల్ ఉండేది. రెండేళ్లలో చిన్న పరిశోధన చేసి, తప్పులు చేసి, నేర్చుకుని పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లం. 2022 నిబంధనలు ఎంఫిల్‌ను ఎత్తేశాయి. నాలుగేళ్ల డిగ్రీ తర్వాత నేరుగా పీహెచ్‌డీ చేయొచ్చన్నాయి. ఇంట్లో ప్రొఫెసర్లు ఉన్న పిల్లలకు అది దగ్గరి దారి. మొదటి తరం వాళ్లకు మెట్టు తీసేసిన అరుగు.

నిజానికి మాకు రాయడం నేర్పింది సీనియర్లు. 1993లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పుట్టిన అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ లాంటి సంఘాల్లో, హాస్టల్ గదుల్లో, టీ కొట్ల దగ్గర సినాప్సిస్‌లు దిద్దుకున్నాం. విశ్వవిద్యాలయం జీతాలిచ్చి చేయించాల్సిన పనిని విద్యార్థి సంఘాలు ఉచితంగా చేస్తున్నాయి. ఆ సంఘాల్లో తిరిగితే చదువు పాడవుతుందని మాకే బుద్ధులు చెప్తారు.

బాబాసాహెబ్ అనుభవం

బాబాసాహెబ్ కూడా ఫెలోషిప్ ఆగిన పరిశోధకుడే. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ గడువు తీరడంతో 1917లో లండన్ చదువు మధ్యలో వదిలి తిరిగొచ్చాడు. ఉద్యోగం చేసి కూడబెట్టుకుని, సాహూ మహారాజ్ తదితరుల సాయంతో 1920లో మళ్లీ వెళ్లాడు. 1923లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో డీఎస్సీ పూర్తిచేశాడు. రూపాయి సమస్య మీద ఆ థీసిస్ పుస్తకంగా వచ్చినప్పుడు, గైడ్ ఎడ్విన్ కానన్ ముందుమాట రాశాడు. శిష్యుడి వాదనతో తాను చాలాచోట్ల ఏకీభవించడం లేదని అందులోనే చెప్పాడు. ఏకీభవించకపోయినా చదివాడు, ముందుమాట రాశాడు. గైడ్ నుంచి మేం కోరేది అంతే. మాతో ఒప్పుకోనక్కర్లేదు. మా పని చదవాలి.

మేం అడుగుతున్నవి

ఫెలోషిప్ నెలనెలా పడాలి, ఆలస్యానికి విశ్వవిద్యాలయం బాధ్యత వహించాలి. థీసిస్ గడువు ఎన్నేళ్లో డబ్బు అన్నేళ్లూ ఇవ్వాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల పరిశోధకులకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు సొంత ఫెలోషిప్ పెట్టాలి. అడ్మిషన్ రోజే గైడ్ పేరు చేతిలో పెట్టాలి. ఇచ్చిన అధ్యాయం మీద నిర్ణీత గడువులో రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పాలి. గైడ్‌ను మార్చుకునే దారి గైడ్ చేతిలో ఉండకూడదు. అధ్యాపక ఖాళీలను 2019 రిజర్వేషన్ చట్టం ప్రకారం, విశ్వవిద్యాలయం మొత్తాన్ని ఒకే యూనిట్‌గా లెక్కించి నింపాలి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు అకడమిక్ రచనలో ఏడాది పొడవునా తోడ్పాటు ఉండాలి.

ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. రోహిత్ కోసం ఏటా జనవరి 17న కొవ్వొత్తులు వెలిగిస్తున్నాం, వెలిగిద్దాం. ఆ రోజు ప్రతి క్యాంపస్‌లో ఇంకో పని కూడా చేద్దాం. ఎంతమంది పరిశోధకులకు ఎన్ని నెలల ఫెలోషిప్ రావాలి, ఎంతమందికి గైడ్ లేడు, ఎన్ని అధ్యాయాలు ఎవరి టేబుల్ మీద ఎన్ని నెలలుగా ఉన్నాయి, ఆ లెక్క తీసి వైస్ ఛాన్సలర్ ఆఫీసు గోడకు అంటిద్దాం. తనకు రావాల్సింది ఎంతో అతను లెక్క రాసి వెళ్లాడు. మనం బతికుండగానే మన లెక్క అడుగుదాం.